ఝిట్కు, మిట్కి: ఒక బస్తర్ ప్రేమకథలో చరిత్ర

ఈ పాఠం ఒక ప్రేమకథ గురించి. చరిత్ర పాఠంలో ప్రేమకథకు పనేమిటని మీరు అడగవచ్చు. రాజులు శాసనాలు వేయించిన చోట, కలెక్టర్లు రిపోర్టులు రాసిన చోట చరిత్రకారుడికి పని కొంత సులువు. చదువు, రాత లేని ఊళ్లలో మామూలు మనుషులు ఎలా బతికారో, దేనికి భయపడ్డారో, ఏ తప్పుకు బాధపడ్డారో తెలుసుకోవాలంటే మనకు మిగిలేవి కథలు, పాటలు, పండుగలు, బొమ్మలే. వాటిని సాక్ష్యంగా చదవడం ఎలా? ఎంతవరకు నమ్మాలి? ఈ పాఠంలో మనం చేయబోయే పని అదే. నేను వృత్తిరీత్యా భౌతికశాస్త్రం చెప్పే మాస్టారిని. కాబట్టి నడుమ కొంచెం మట్టి, నీళ్లు, మైనం, ఇత్తడి ప్రస్తావన కూడా వస్తుంది. ఓపిక పట్టండి.

ముందుగా పటం తీయండి. భద్రాచలం నుంచి గోదావరి ఎగువకు చర్ల వైపు వెళ్లి, ఉత్తరాన ఉన్న కొండలు దాటితే ఛత్తీస్‌గఢ్ వస్తుంది. అక్కడ బీజాపుర్ జిల్లాలో, ఉసూర్ బ్లాకులో, బాసగూడ వెళ్లే దారిలో ఆవపల్లి అనే ఊరు ఉంది. 2007లో విడి జిల్లా కాకముందు ఆ ప్రాంతం దంతేవాడ జిల్లాలో ఉండేది. అంతకుముందు పెద్ద బస్తర్ జిల్లాలో, ఇంకా ముందు బస్తర్ సంస్థానంలో భాగం. ఊరి పేరు చివర ‘పల్లి’ గమనించారా? ఆ చుట్టుపక్కల ఉండే దోర్లల మాట కోయకు దగ్గరది, అందులో తెలుగు బాగా కలిసి ఉంటుంది. ఖమ్మం, భద్రాచలం వైపు మిరపచేలలో కూలికి వచ్చే గుత్తికోయల గురించి మీలో కొందరు వినే ఉంటారు. 2005 తర్వాత అక్కడి అలజడి తట్టుకోలేక ఇటు వలస వచ్చిన కుటుంబాల్లో చాలా వరకు ఈ దక్షిణ బస్తర్ ఊళ్లవే. అంటే మనం మాట్లాడుకోబోయేది ఎక్కడో దూరదేశం గురించి కాదు, మన పొరుగు గురించి.

ఇప్పుడు నవలల సంగతి కొంచెం చూద్దాం. పల్లెటూరు, దైవభక్తి, ముందు స్నేహం, ఆ తర్వాత ప్రేమ. ఈ నాలుగూ కలిపిన నవలలకు అమెరికాలో ప్రత్యేకంగా ఒక పాఠకవర్గం ఉంది. 1979లో జానెట్ ఓక్ అనే కెనడా రచయిత్రి రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ ఈ దారికి మొదటి మైలురాయి అంటారు. పడమటి దిక్కుకు వలసపోతుండగా మార్టీ అనే యువతి భర్తను పోగొట్టుకుంటుంది. భార్య చనిపోయి, పసిపిల్లతో ఉన్న క్లార్క్ అనే రైతు ఆమెకు నీడ ఇవ్వడానికి పెళ్లి చేసుకుంటాడు. తొలుత వాళ్లు ఒకే ఇంట్లో ఉండే పరాయివాళ్లు. తర్వాత స్నేహితులవుతారు, ఆ తర్వాతే ప్రేమ కలుగుతుంది. అతని విశ్వాసం మెల్లగా ఆమెది కూడా అవుతుంది. ఈ రకం నవలలో దేవుడు, ఊరు, ప్రేమ ఒకే వైపు నిలబడతాయి.

మన తెలుగులో తొలి నవలగా చాలామంది చెప్పే ‘శ్రీరంగరాజ చరిత్ర’ 1872లో వచ్చింది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాశారు. రాజవంశపు యువకుడు లంబాడీ తండాలో పెరిగిన సోనాబాయిని ప్రేమిస్తాడు. ఊరూ కులమూ ఒప్పుకోవు కదా, మరి రచయిత ఏం చేశారు? ఆ పిల్ల తండాలో పుట్టినది కాదని, రాజు కులానికి చెందినదేనని చివర్లో తేల్చారు. పెళ్లికి అడ్డు తొలగిపోయింది! 1872లో అంతకంటే ముందుకు వెళ్లడం కష్టమే కావచ్చు. అయినా అది చిక్కుముడి విప్పడం కాదు, తాడు దాచేయడం అని నాకు అనిపిస్తుంది.

అమెరికా నవలలో దేవుడు కలిపాడు, తెలుగు నవలలో పుట్టుక కలిపింది. మరి ఊరి నమ్మకమే ప్రేమకు అడ్డం తిరిగితే ఏమవుతుంది? బస్తర్ కథ అక్కడ మొదలవుతుంది. ఈ కథ ఆవపల్లిది కాదు. దానికి చాలా ఉత్తరాన, ఇప్పటి కొండగాఁవ్ జిల్లాలో విశ్రాంపురి వైపు పుట్టింది. చెప్పేవారిని బట్టి వివరాలు మారతాయి. నేను విన్న తీరు ఇది.

మిట్కి ఏడుగురు అన్నలకు ఒక్కగానొక్క చెల్లెలు. అన్నలకు ఆమె అంటే ప్రాణం. ఒకసారి మడయికి, అంటే ఊరి దేవతల జాతరకు, వెళ్లినప్పుడు ఝిట్కు అనే యువకుడు పరిచయమయ్యాడు. ఆ తర్వాత కలుసుకోవడం, మాట్లాడుకోవడం, స్నేహం, ఆపైన ప్రేమ. చెల్లెల్ని మరో ఊరికి పంపడం అన్నలకు ఇష్టం లేదు. ఝిట్కుకు వెనకా ముందూ ఎవరూ లేరు. పెళ్లయ్యాక ఇక్కడే, మా ఇంట్లోనే ఉండాలి అన్నారు. అతను సంతోషంగా ఒప్పుకున్నాడు. అన్నలతో కలిసి పొలం పని చేశాడు, అడవికి వెళ్లాడు, వాళ్లతో కలిసి అంబలి తాగాడు.

ఇంతలో వానలు ముఖం చాటేశాయి. ఊరంతా కూడి ఒక చెరువు తవ్వుకున్నారు. ఎంత కష్టపడి కట్ట పోసినా అందులో నీళ్లు నిలవలేదు. సిర్హాను అడిగారు. సిర్హా అంటే దేవత ఒంటిమీదకు వచ్చి పలికే మనిషి. మన వైపు పూనకం వచ్చి చెప్పేవారిలా అనుకోండి. మనిషిని బలి ఇస్తే గాని నీళ్లు నిలవవని అతను చెప్పాడు. ఎవరిని ఇవ్వాలి? ఊళ్లో ప్రతి మనిషికీ అమ్మానాన్నా, అన్నదమ్ములూ, వంశమూ ఉన్నాయి. లేనివాడు ఒక్కడే. ఊరి మాట విని, ఒక వానరాత్రి, ఆ అన్నలే బావను చెరువు దగ్గరకు తీసుకెళ్లి చంపేశారు.

తెల్లవారినా భర్త ఇంటికి రాకపోయేసరికి మిట్కి వెదుక్కుంటూ బయలుదేరింది. చేతిలో వెదురుగంప. చెరువు కట్ట దగ్గర అతని శవం కనిపించింది. ఆమె కూడా అదే నీళ్లలో ప్రాణం విడిచిందని ఎక్కువమంది చెబుతారు. ఆ తర్వాత ఊరు ఆ ఇద్దరినీ దేవతలుగా కొలవడం మొదలుపెట్టింది. ఝిట్కు ఖోడియా రాజా అయ్యాడు. మిట్కి గప్పా దేయి అయింది. అక్కడి హల్బీ మాటలో గప్పా అంటే వెదురుగంప.

కథ ఇంతే. ఇప్పుడు దీన్ని సాక్ష్యంగా చదువుదాం.

మొదటిది, ఇంట్లో ఉండే అల్లుడు. మనం ఇల్లరికం అంటాం. మధ్య భారతంలోని గోండు సమాజాల్లో లమ్‌సేనా అనే ఏర్పాటు ఉంది. అక్కడ పెళ్లికి అబ్బాయి తరఫువారే అమ్మాయి తరఫువారికి ఓలి ఇవ్వాలి. ఇవ్వలేని అబ్బాయి కొన్నేళ్లు అత్తవారింట పని చేసి, ఆ చాకిరీతో దాన్ని తీరుస్తాడు. ఒక విధంగా ఇది చాలా తెలివైన ఏర్పాటు. అబ్బాయి స్వభావం, ఓపిక, పనితనం అందరికీ తెలుస్తాయి. అమ్మాయి, అబ్బాయి ఒకరినొకరు రోజూ చూస్తారు, పొలంలో పక్కపక్కన నాట్లు వేస్తారు. ఇప్పటి నవలల్లో ‘స్నేహం ప్రేమగా మారడం’ అని రాసే దానికి ఆ సమాజం చోటూ సమయమూ కేటాయించిందన్నమాట.

కానీ దీనికి రెండో వైపు కూడా చూడండి. లమ్‌సేనా ఆ ఇంట్లో తింటాడు, పని చేస్తాడు, అయినా ఆ వంశపు మనిషి కాడు. అతని వంశదేవత వేరు. అతని తరఫున పంచాయితీలో మాట్లాడేవాడు ఉండడు. కరువు రానంతకాలం ఆ తేడా ఎవరికీ కనిపించదు. కష్టం వచ్చినప్పుడు ‘మనవాడు’, ‘పైవాడు’ అనే గీత ఎక్కడ పడుతుందో ఈ కథ చాలా కచ్చితంగా చెప్పింది.

ఇక్కడ బస్తర్ స్నేహాల గురించి ఒక మాట. ఛత్తీస్‌గఢ్‌లో స్నేహం ఊరికే కుదిరేది కాదు, దేవుడి ముందు కట్టుకునేది. జగన్నాథుడి ప్రసాదం ఒకరికొకరు తినిపించుకుని ‘మహాప్రసాద్’ అయినవాళ్లు జీవితాంతం ఒకరినొకరు ఆ పిలుపుతోనే పిలుచుకుంటారు, పేరు పెట్టి పిలవరు. జగదల్‌పూర్‌లో గోంచా అనే రథయాత్ర జరుగుతుంది. అప్పుడు నైవేద్యం పెట్టిన మొలకెత్తిన పెసలు ఇచ్చిపుచ్చుకుని కట్టుకునే స్నేహాన్ని ‘గజాముంగ్’ అంటారు. కులాలు వేరైనా ఈ స్నేహం చెల్లుతుంది. ఒకరి ఇంట పెళ్లికీ చావుకూ రెండోవారు సొంతవారిలా నిలబడాలి. చేతికి రంగుదారం కట్టి మరుసటి వారం మరిచిపోయే మన కాలేజీ స్నేహాలతో పోల్చి చూసుకోండి! ఇంత గట్టి స్నేహబంధాలున్న నేల మీద, అలాంటి బంధువు ఒక్కడూ లేని మనిషిగా ఝిట్కును కథ నిలబెట్టింది. ఇది యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

రెండవది, చెరువు. బస్తర్‌లో ఏడాదికి సుమారు 1,300 నుంచి 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురంతో పోలిస్తే రెండింతలకు పైమాటే. అంత వాన పడే చోట కరువేమిటి? ఆ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. వరి పొట్ట మీద ఉన్నప్పుడు మూడు వారాలు ఎగ్గొడితే పంట పోతుంది. 1896-97లోనూ, మళ్లీ 1899-1900లోనూ సెంట్రల్ ప్రావిన్సెస్ అంతటా భయంకరమైన కరువులు వచ్చాయి. మన కథకు తేదీ లేదు కాబట్టి ఈ కరువుల్లో ఒకదానికి దాన్ని ముడిపెట్టకూడదు. ఆ ప్రాంతంలో చెరువు ఎందుకు ప్రాణసమానమో తెలియడానికి మాత్రమే వీటిని చెప్పాను.

మరి చెరువులో నీళ్లు ఎందుకు నిలవలేదు? దీనికి సిర్హా అక్కర్లేదు, బంకమట్టి కావాలి. అడుగున ఇసుక, మొరం ఉంటే నీరు కిందికి ఇంకిపోతుంది. కట్ట కింద చిన్న సందు దొరికినా నీరు అందులోంచి కారుతూ మట్టి రేణువులను ఒక్కొక్కటే మోసుకుపోతుంది. సందు పెద్దదవుతుంది. మన రైతులు దీన్నే ‘బుంగ పడింది’ అంటారు. బుంగను పట్టించుకోకపోతే గండి పడుతుంది. కట్ట నడుమ బంకమట్టిని తడిపి, తొక్కి, పొరలు పొరలుగా గోడలా పోస్తే ఈ బాధ ఉండదు. అదనపు నీరు పోవడానికి అలుగు సరైన ఎత్తులో ఉండాలి. కాకతీయుల కాలపు చెరువులు ఎనిమిది వందల ఏళ్లుగా నిలిచి ఉన్నాయంటే వాటి వెనుక ఈ పనితనం ఉంది. కొత్తగా తవ్విన చెరువు కూడా రెండు మూడు వానాకాలాలు గడిచి అడుగున ఒండ్రు పేరుకుంటే కొంత దానంతట అదే నిలబడుతుంది. బలి ఇచ్చిన తర్వాత ఏడాది నీళ్లు నిలిస్తే, ఆ ఘనత ఒండ్రుకు పోతుందా, బలికి పోతుందా? ఊరు ఏమని నమ్ముతుందో మీరే ఊహించండి. ముందు జరిగిందే తర్వాతిదానికి కారణం అనుకోవడం మనిషికి చాలా పాత అలవాటు. ప్రయోగశాలలో మేము పిల్లలకు మొదట మాన్పించేది ఈ అలవాటునే.

ఇది బస్తర్ వాళ్ల మూఢనమ్మకం అని మీరు తేలిగ్గా తీసేయకండి. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు ఉంది. కట్ట తెగబోతుంటే ముసలమ్మ అనే కోడలిని బలి అడిగిందట గ్రామదేవత. ఆమె అత్తమామలకు మొక్కి తానే వెళ్లి నీళ్లలోకి దిగిందని కథ. బ్రౌన్ దొర సేకరించి ప్రకటించిన అనంతపురం చరిత్రలో ఉన్న ఈ కథను కట్టమంచి రామలింగారెడ్డి 1899లో, మద్రాసులో విద్యార్థిగా ఉన్న రోజుల్లో, ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యంగా రాశారు. ఆధునిక తెలుగు కవిత్వ చరిత్రలో దానికి గట్టి స్థానముంది. ఈ రెండు కథల్లోనూ ఎవరిని అడిగారో గమనించండి. అక్కడ ఇంటికి వచ్చిన అల్లుడు, ఇక్కడ ఇంటికి వచ్చిన కోడలు. ఇద్దరూ బయటినుంచి వచ్చినవారే. ముసలమ్మ కథలో ఆమె ఇష్టపడి వెళ్లింది కాబట్టి ఊరికి పాపం అంటలేదు. బస్తర్ కథ అంత వెసులుబాటు ఇవ్వలేదు. చంపాం అని చెప్పుకుంది.

అయితే ఇది నిజంగా జరిగిందా? ఇక్కడ చరిత్ర విద్యార్థి జాగ్రత్తగా ఉండాలి. బస్తర్‌లో నరబలి ఉందన్న ఆరోపణలు బ్రిటిష్ కాగితాల్లో చాలా ఉన్నాయి. దంతేవాడ గుడి దగ్గర బలులు జరుగుతున్నాయన్న ఆరోపణ మీద 1842లో అక్కడ కాపలా పెట్టించారు. ఒడిశా కొండల్లోని కంధుల మెరియా బలులను ఆపడానికి 1845లో ప్రత్యేకంగా ఒక ఏజెన్సీయే ఏర్పడింది. అది 1861 వరకు పనిచేసింది. ఈ కాగితాలు రాసిన అధికారుల్లో చాలామంది చూసి రాయలేదు, విని రాశారు. ‘ఈ జనం ఇలాంటివారు, వీరిని మేము పాలించాల్సిందే’ అని చూపించుకోవలసిన అవసరం కూడా వారికి ఉంది. కాబట్టి కాగితం ఉన్నంత మాత్రాన నిజమనకూడదు, కథ ఉన్నంత మాత్రాన రుజువు అనకూడదు. మరి ఈ కథ దేనికి రుజువు? ఇలాంటి పని తమ ఊళ్లో జరగవచ్చని, జరిగితే అది తప్పని ఆ జనమే తమలో తాము చెప్పుకుంటూ వచ్చారనడానికి రుజువు. పరాయి అధికారి రాసిన నేరారోపణ వేరు, ఊరు తన మీద తాను చెప్పుకునే కథ వేరు.

అందుకే ఝిట్కు, మిట్కిలను కొందరు ‘బస్తర్ లైలా మజ్నూ’ అనీ, ‘బస్తర్ రోమియో జూలియట్’ అనీ ఫిబ్రవరి 14న పత్రికల్లో రాసినప్పుడు నాకు అంతగా నచ్చదు. రోమియో, జూలియట్‌లవి పగబట్టిన రెండు కుటుంబాలు. ఇక్కడ పగవాడు ఎవడు? పెళ్లికి ఒప్పుకున్నది అన్నలే. పక్కన కూర్చోబెట్టుకుని తిండి పెట్టింది అన్నలే. అడ్డం వచ్చింది పగ కాదు, భయమూ, ఆ భయానికి మాట అరువిచ్చిన నమ్మకమూ. విచిత్రమేమిటంటే, చంపమని చెప్పిన నమ్మకమే ఆ తర్వాత వాళ్లను గద్దె ఎక్కించింది. ఈ పూజను నేను ప్రేమకు పట్టిన హారతిగా చూడను. ఊరు అడిగిన క్షమాపణగా చూస్తాను. ప్రతి తరమూ మళ్లీ అడగాల్సి వచ్చే క్షమాపణ.

అన్యాయంగా, అర్ధంతరంగా పోయినవారిని కొలిచే ఆచారం గోదావరికి ఇవతల కూడా మనకు తెలిసినదే. పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ, గోపయ్యలు జంటగా పూజలందుకుంటారు. కరువులో పశువులను తోలుకుని అడవికి పోయిన గోపయ్యను పులి చంపింది. అత్తింటి ఆరళ్లు పడిన తిరుపతమ్మ అగ్నిలో ఐక్యమైంది. మేడారంలో సమ్మక్క, సారలమ్మల గద్దెల దగ్గర పూజ చేసే కోయ వడ్డెలు చెప్పేదీ యుద్ధంలో పోయినవారి కథే. ఆ జాతరకు బస్తర్ నుంచి కూడా భక్తులు వస్తారు.

ఇక బొమ్మల దగ్గరకు వద్దాం. ఝిట్కు, మిట్కిల రూపాలను ఎక్కువగా పోతపోసేది కొండగాఁవ్ ప్రాంతపు ఘడ్వా కళాకారులు. దీన్ని డోక్రా పని అంటారు. ఆ ఊరి శిల్పి జయదేవ్ బఘేల్ వల్ల ఈ కళకు దేశవిదేశాల్లో పేరు వచ్చింది. మన ఆదిలాబాద్ జిల్లాలో ఓజలు చేసే డోక్రా కూడా ఇదే పద్ధతి. ముందు మట్టి, వరిపొట్టు కలిపి లోపలి రూపం చేస్తారు. తేనెమైనంలో గుగ్గిలం లాంటి బంక కలిపి, జంతికల గొట్టంలోంచి వత్తినట్లు సన్నటి దారాలుగా తీస్తారు. ఆ మైనపు దారాలను మట్టిరూపం మీద వరసగా చుట్టి కళ్లు, నగలు, జుట్టు అన్నీ తీర్చిదిద్దుతారు. దాని మీద మెత్తటి మట్టి పూత, ఆ పైన గట్టి మట్టి పూత. కొలిమిలో పెడితే మైనం కరిగిపోయి, అది ఉన్న చోటు ఖాళీ అవుతుంది. 900 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కాచి కరిగించిన ఇత్తడి ఆ ఖాళీలోకి దిగుతుంది. చల్లారాక పైమట్టిని పగలగొట్టాలి. అందుకే ఒక అచ్చుతో ఒక్క బొమ్మే వస్తుంది. 1926లో మొహెంజొదారోలో దొరికిన, సుమారు 10.5 సెంటీమీటర్ల ఎత్తున్న నాట్యకత్తె బొమ్మను కూడా నాలుగు వేల ఏళ్లకు పైగా వెనక ఇలాగే మైనంతో చేసి, మైనాన్ని కరిగించి పోతపోశారు.

చాలా ఏళ్ల క్రితం నేను ఒక నగరంలోని హస్తకళల దుకాణంలో ఇలాంటి జంట బొమ్మలు కొన్నాను. పేర్లేమిటని అడిగితే అమ్మే అతను ‘ట్రైబల్ కపుల్’ అన్నాడు. బిల్లు మీద కూడా అలాగే రాశాడు. ఇంటికి తెచ్చి అలమారలో పెట్టాను. బస్తర్ నుంచి వచ్చిన ఒక విద్యార్థి మా ఇంట్లో ఆ బొమ్మలు చూసి నమస్కారం పెట్టేదాకా వాళ్లెవరో నాకు తెలియదు. ఆ రోజు అతను చెప్పిన కథే పైన మీకు చెప్పినది. చెబుతూ చెబుతూ బొమ్మ మీద ఒక చోట వేలు పెట్టి చూపించాడు. అక్కడ మిట్కి గంప ఉంది. వెదురు అల్లికలోని ఒక్కొక్క పేడును మైనపు దారంతో చుట్టి చేసిన గంప, లోపల ఏమీ లేదు.